పని ఎవరిది? మస్టర్లో పేరెవరిది?

(గాజువాకలో సాయంకాలపు కంప్యూటర్ తరగతి పిల్లలు, సంఘం కార్యకర్తలు, ఊళ్ళనుంచి వచ్చిన పెద్దలు కలిసిన సభలో, తరగతి నడిపే మా బృందం తరఫున చేసిన ప్రసంగం ఇది. కొద్దిగా సరిచేసి అచ్చు వేస్తున్నాం.)



కంప్యూటర్ల గురించి చెప్తామని పిలిచి మస్టర్ గురించి మొదలుపెట్టారేమిటి అనుకోకండి. మస్టర్ అంటే తెలియనివాళ్ళు ఈ సభలో లేరు. ఉపాధి హామీ పనికి వెళ్ళిన అక్కలకి తెలుసు. పోర్టులో మూటలు మోసిన తాతలకి తెలుసు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే తమ్ముళ్ళకి మరీ తెలుసు. రోజంతా ఎండలో ఒళ్ళు హూనం చేసుకున్నా, మస్టర్లో పేరు పడకపోతే ఆ రోజు మనం పనికి రానట్టే లెక్క. కూలి రాదు. పీఎఫ్ రాదు. రేపెప్పుడో పర్మినెంటు చేస్తామంటే చూపించుకోడానికి రుజువుండదు.

మల్కాపురంలో ఒక తాత మాతో ఇలా అన్నాడు. "పనైతే నానే సేసినాను బాబూ. మస్టర్లో మేస్త్రీ ఆడి బామ్మర్ది పేరెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ పని నాను సేసినానని ఎవుడు సెప్తాడు? ఆ మూటలు సెప్తాయేటి?"

మూటలు చెప్పవు. పనికి నోరుండదు. పని పక్కన పేరు రాసిపెడితేనే అది ఎవరి పనో తెలుస్తుంది. ఈ రోజు మేం చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. కంప్యూటర్ ప్రోగ్రాంల లోకంలో కూడా ఒక మస్టర్ ఉంది. అక్కడ మస్టర్ రాసే కలం మేస్త్రీ చేతిలో కాదు, మన చేతిలోనే ఉంటుంది. ఆ కలంతో మేమే ఒకసారి తప్పు రాశాం. ఆ సంగతి కూడా దాచకుండా చెప్తాం.

రాయి మీద పేర్లు

మన విశాఖని చూడండి. ఊరినిండా శిలాఫలకాలే. ప్రారంభించినవారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. అధ్యక్షత వహించినవారి పేరుంటుంది. వస్తానని రాలేకపోయిన ముఖ్య అతిథి పేరు కూడా ఉంటుంది. ఉలి పట్టి ఆ అక్షరాలు చెక్కినవాడి పేరు ఎక్కడైనా చూశారా? అందరి పేర్లూ తన చేత్తో చెక్కాడు. తన పేరు మాత్రం చెక్కుకోలేదు. చెక్కుకోనివ్వరు కూడా.

చిత్తడి నేల తవ్వి హార్బరు కడితే, 1933లో మన పోర్టుకి సముద్రపు ఓడలు రావడం మొదలైంది. కట్టించిన ఇంజనీర్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. తట్టలతో బురద మోసినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలో దొరుకుతాయి?

ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో ఉద్యమం జరిగింది. పోలీసు కాల్పుల్లో రాష్ట్రమంతటా 32 మంది చనిపోయారని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. 1971లో శంకుస్థాపన చేసింది ఇందిరాగాంధీ అని పిల్లలకి కూడా తెలుసు. 1992లో జాతికి అంకితం చేసింది పి.వి. నరసింహారావు అనీ తెలుసు. ఇప్పుడు ఈ సభలో ఎవరైనా లేచి ఆ 32 మంది పేర్లు చెప్పగలరా? మేం చెప్పలేం. సిగ్గుగానే ఒప్పుకుంటున్నాం. అంకె నోటికొచ్చింది, పేర్లు జారిపోయాయి.

అదే ప్లాంటులో ఇనుముకున్న మర్యాద చూడండి. ఉక్కు కరిగించిన ప్రతి విడతకీ ఒక హీట్ నంబరు వేస్తారు. కడ్డీ ఎక్కడికి పోయినా దాని కాగితం మీద ఆ నంబరు ఉంటుంది. రేపు ఏ వంతెనలోనో కడ్డీ విరిగితే, ఏ హీట్లో పుట్టిందో, అందులో ఏ పాళ్ళు కలిశాయో వెనక్కి వెళ్ళి పట్టుకోవచ్చు. ఇనుముకి పుట్టుక రాసిపెట్టే పద్ధతి మనుషులకి తెలుసు. పని చేసిన చేతుల సంగతి వచ్చేసరికే మరిచిపోతారు.

అందరిదీ అన్నచోటే జాగ్రత్త

ఇప్పుడు కంప్యూటర్ సంగతికి వద్దాం. ప్రోగ్రాం అంటే కంప్యూటర్ ఏం చెయ్యాలో వరస తప్పకుండా రాసి ఇచ్చిన పాఠం. కొన్ని కంపెనీలు ఆ పాఠాన్ని పెట్టెలో పెట్టి తాళం వేస్తాయి. వాడుకోవచ్చు, లోపల చూడకూడదు, బాగుచేసుకోకూడదు. దీనికి ఎదురుగా 1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అనే పని మొదలుపెట్టాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. ఇలాంటి ప్రోగ్రాంలని ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. వీటినే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనీ, ఓపెన్ సోర్స్ అనీ అంటున్నారు. మీ జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది లినక్సే.

మన తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ ఈ పని చేస్తోంది. బెంగళూరులో సుదర్శన్ లేఔట్ బస్తీలో ఈ ఉద్యమంలోని యువకులు అంబేడ్కర్ పేరుతోనే ఒక కంప్యూటర్ కేంద్రం నడిపి బస్తీ పిల్లలకి నేర్పారు. తాళం లేని ప్రోగ్రాం కాబట్టి డబ్బు లేనివాడు కూడా లోపలికి వెళ్ళి నేర్చుకోగలిగాడు.

ఇది ఊరి చెరువులాంటిది. ఎవరైనా నీళ్ళు తీసుకోవచ్చు. గట్టు తెగితే ఎవరైనా మట్టి వెయ్యొచ్చు. ప్రోగ్రాంలో ఎక్కడ తప్పుందో చూసి, సరిచేసి పంపిస్తే, దాన్ని ప్యాచ్ అంటారు. చిరిగిన బట్టకి వేసే మాసిక అన్నమాట. నడిపేవాళ్ళు చూసి బాగుందనుకుంటే కలుపుకుంటారు.

చెరువు అందరిదీ అనే మాట మనకి కొత్త కాదు. మహద్‌లో చెరువు మునిసిపాలిటీది. అందరూ తాగొచ్చని కాగితం మీద ఉంది. అయినా 1927లో బాబాసాహెబ్ జనాన్ని వెంటబెట్టుకు వెళ్ళి దోసిలి పట్టాల్సి వచ్చింది. అందుకే అందరిదీ అనే మాట వినగానే మనం రెండు ప్రశ్నలు వెయ్యాలి. ఇందులో మనకి చోటుందా? మన చేత్తో మట్టి వేస్తే, వేసింది మనమేనని ఎక్కడైనా రాసి ఉంటుందా?

రెండు పేర్ల పద్ధతి

ఉంటుంది. ఎలా ఉంటుందో వినండి.

2005లో టోర్వాల్డ్స్ గిట్ అనే పనిముట్టు తయారుచేశాడు. ఈ రోజు లోకంలో ఎక్కువ ప్రోగ్రాంల మార్పులు దాంట్లోనే నమోదవుతున్నాయి. ప్రతి మార్పునీ కమిట్ అంటారు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అన్నీ అందులో పడతాయి. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఒక్కో కమిట్‌లో రెండు పేర్లకి చోటుంది. ఒకటి ఆథర్, అంటే రాసినవాడు. రెండోది కమిటర్, అంటే రిజిస్టర్‌లోకి ఎక్కించినవాడు. రాసినవాడూ ఎక్కించినవాడూ ఒకడే కానక్కరలేదని ఆ పనిముట్టు ముందే ఒప్పుకుంది. మన మస్టర్లో మోసినవాడికి ఒక గడి, రాసుకున్న మేస్త్రీకి వేరే గడి ఉంటే మల్కాపురం తాత ఈ రోజు ఆ మాట అనేవాడు కాదు.

లినక్స్‌లో మార్పుల్ని ఇప్పటికీ ఈమెయిల్లో పంపుతారు. వేరేవాళ్ళు రాసిన ప్యాచ్‌ని మీరు పంపుతుంటే, మొట్టమొదటి వరసలో ఫ్రమ్ అని రాసి అసలు రాసినవాడి పేరు పెట్టాలి. అది మరిచిపోతే ఉత్తరం పంపినవాడే రాసినవాడిగా నమోదైపోతాడు. చూశారా, ఒక్క వరస. ఆ వరస రాస్తే పేరు నిలుస్తుంది, మరిచిపోతే పేరు మారిపోతుంది. దొంగ బుద్ధి అక్కర్లేదు, మరుపు చాలు.

రాయడం ఒక్కటే పని కాదని కూడా వాళ్ళు గుర్తించారు. తప్పు కనిపెట్టి చెప్పినవాడికి రిపోర్టెడ్ బై. నడిపి చూసినవాడికి టెస్టెడ్ బై. వరసవరసా చదివి సరిచూసినవాడికి రివ్యూడ్ బై. ఇలా చేస్తే బాగుంటుందని ఉపాయం చెప్పినవాడికి సజెస్టెడ్ బై. కలిసి రాసినవాడికి కో డెవలప్డ్ బై. గిట్‌హబ్ అనే చోట 2018 నుంచీ కో ఆథర్డ్ బై అని రాస్తే ఒకే మార్పు కింద ఇద్దరు ముగ్గురి పేర్లూ కనిపిస్తాయి. సమ్మె శిబిరంలో ఉపన్యాసం చెప్పినవాడి పేరు కరపత్రంలో పడుతుంది. వంట చేసిన అక్క పేరు పడదు. వీళ్ళు వంట చేసిన అక్కకీ ఒక వరస పెట్టారు. మెచ్చుకోవాల్సిందే.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ వరసలు వాటంతటవే పడవు. పంపేవాడు తన చేత్తో రాయాలి.

మేం చేసిన తప్పు

మా తరగతిలో ఒక ప్రోగ్రాం మెనూల్లోని మాటల్ని తెలుగులోకి మార్చే పని పెట్టుకున్నాం. నలుగురు పిల్లలు కూర్చున్నారు. ఒకడు మాటలు తెలుగు చేశాడు. ఒకడు టైపు చేశాడు. ఒకమ్మాయి చదివి, బడి పుస్తకం తెలుగు మనూరివాళ్ళకి అర్థం కాదని సగం మాటలు మార్పించింది. ఇంకో అమ్మాయి, మన పాత కంప్యూటర్ మీద ఒత్తులు అక్షరం కింద పడకుండా విడిపోయి పక్కన పడుతున్నాయని కనిపెట్టింది. ఏ మాటల్లో పడుతున్నాయో, ఏ ఫాంటుతో పడుతున్నాయో నోటు పుస్తకంలో నాలుగు పేజీలు రాసుకొచ్చింది. మూడు వారాలు పట్టింది.

పంపే రోజు వచ్చింది. పిల్లలెవరికీ ఖాతా లేదు. మాలో ఒకరికి ఉంది. కరెంటు పోతుందేమో, నెట్టు పోతుందేమో అన్న తొందరలో ఆ ఖాతాతో పంపేశాం. అనువాదపు ఫైలు పైన చివరి అనువాదకుడు అని ఒక వరస ఉంటుంది. అందులో ఒక్క పేరే పడుతుంది. పడింది మా పేరు. వారం తిరిగేసరికి కలుపుకున్నారు. అందరం మిఠాయి తిన్నాం. పిల్లలు అడగలేదు. మేం ఆలోచించలేదు.

ఏడాదిన్నర తర్వాత, ఒత్తుల సంగతి కనిపెట్టిన అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి ఋషికొండ మీద ఒక ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఏమైనా పనిచేశావా అన్నారు. చేశానంది. చూపించమన్నారు. వెతికింది. ఆ మార్పు ఉంది, ఆ తేదీ ఉంది, తన పేరు లేదు. వాళ్ళు ఏమీ అనలేదట. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారట.

ఆ సాయంత్రం తరగతికి వచ్చి ఒకే మాట అంది. "సార్, నేను అబద్ధం చెప్పినట్టయింది."

అన్నలారా, ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. ఉద్యోగం రాలేదు. ఇదొక్కటే కారణమని మేం చెప్పం. కానీ నిజం చెప్పిన పిల్ల అబద్ధాలకోరులా నిలబడడానికి కారణం మేమే. మేస్త్రీలని తిట్టుకుంటూ పెరిగినవాళ్ళం, కలం చేతికొచ్చిన మొదటిరోజే మేస్త్రీలమయ్యాం. బామ్మర్ది పేరు రాయలేదు, మా పేరే రాసుకున్నాం. దురుద్దేశం లేదు. నిజమే. మాకు దురుద్దేశం లేకపోతే ఆ పిల్లకి ఏమైనా దక్కిందా?

ఆ ప్రోగ్రాం నడిపేవాళ్ళకి ఉత్తరం రాశాం. మర్యాదగానే జవాబిచ్చారు. పాత కమిట్ మార్చలేమన్నారు. ఎందుకంటే గిట్‌లో ప్రతి కమిట్‌కీ ఒక గుర్తు సంఖ్య ఉంటుంది. దాని ముందు కమిట్ సంఖ్యనీ, రాసినవాడి పేరునీ, పని మొత్తాన్నీ కలుపుకుని ఆ సంఖ్య తయారవుతుంది. వెనక ఒక్క అక్షరం మార్చితే ఆ తర్వాతి సంఖ్యలన్నీ మారిపోతాయి. వేలమంది దగ్గరున్న నకళ్ళతో పొసగదు. దొంగ లెక్క రాయకుండా కాపాడే పద్ధతే అది. మన తప్పుని కూడా అదే పద్ధతి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాల్చిన ఇటుకని మళ్ళీ అచ్చులో పెట్టలేం కదా.

చెయ్యగలిగింది ఒకటుందన్నారు. అనువాదకుల పేర్ల పట్టికలో చేర్చి కొత్త మార్పు పంపమన్నారు. పంపాం. ఆ మార్పు కింద, ముందు పంపిన పని ఈ నలుగురిదీ అని, ఎవరేం చేశారో వివరంగా రాశాం. ఇప్పుడు ఆ ప్రోగ్రాంలో దీని గురించి అనే కిటికీ తెరిస్తే నాలుగు పేర్లూ కనిపిస్తాయి. ఒత్తులు కనిపెట్టిన అమ్మాయి పేరు మొదట ఉంటుంది. ఏడాదిన్నర ఆలస్యంగా.

పేరంటే పూచీ కూడా

పేరు గొప్ప కోసమా అని కొందరు పెద్దలు అడుగుతారు. ఉద్యమంలో పేరుకోసం పాకులాడకూడదు కదా అంటారు. మంచి ప్రశ్నే.

ఒక సంగతి చెప్తాం. 2003లో అమెరికాలో ఎస్‌సీఓ అనే కంపెనీ, మా సొత్తు దొంగిలించి లినక్స్‌లో కలిపారంటూ ఐబీఎం మీద కోర్టుకెక్కింది. ఆ తగాదాలు ఏళ్ళకేళ్ళు నడిచాయి. 2010లో, అసలు ఆ హక్కులు ఎస్‌సీఓవి కావు, నోవెల్ అనే కంపెనీవని ఒక జ్యూరీ తేల్చింది. ఐబీఎం మీద కేసు 2021లో రాజీతో ముగిసింది. కానీ కేసు పడినప్పుడు అందరికీ ఒక భయం పట్టుకుంది. ఏ వరస ఎవరు రాశారు, ఎక్కడినుంచి తెచ్చారు అని అడిగితే ఎలా చూపించాలి? అందుకని 2004 నుంచీ లినక్స్‌లో ఒక నియమం పెట్టారు. ప్రతి మార్పు కిందా సైన్డ్ ఆఫ్ బై అని పేరు రాయాలి. ఇది నేనే రాశాను, లేదా ఇవ్వడానికి హక్కున్న చోటినుంచి తెచ్చాను, అందుకు నాదీ పూచీ అని దాని అర్థం. మార్పు నలుగురి చేతులు మారితే నలుగురూ వరసగా రాస్తారు. భూమి దస్తావేజు కింద సాక్షుల సంతకాలు ఎందుకు? సాక్షుల గొప్ప కోసమా? రేపు తగాదా వస్తే నిలబడడానికి.

కలిసి రాసినవాడి పేరు చేర్చితే, ఆ వెంటనే కింద అతని సంతకం వరస కూడా ఉండాలని లినక్స్ నియమం. అంటే ఒకడి పేరు ఇంకొకడు ఊరికే వాడుకోడానికి లేదు. పేరు తిండిపెడుతుంది, పేరు బరువు కూడా మోయిస్తుంది. బరువు మనది, తిండి ఇంకొకడిది అయినప్పుడే అన్యాయం.

బాబాసాహెబ్ చూపించిన దారి

పేరు పంచుకుంటే మన పేరు చిన్నదైపోతుందేమో అని భయం ఉంటుంది. ముఖ్యంగా మనకి. ఎన్నడూ పేరు దక్కనివాడికి ఒక్కసారి దక్కితే పంచడానికి చెయ్యి రాదు. తప్పు పట్టం. కానీ ఒక రోజు గుర్తుచేసుకోండి. 1949 నవంబర్ 25.

ఆ రోజు రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చివరి ప్రసంగం చేశారు. దేశం మొత్తం ఆయన పేరే చెప్తోంది. ఆయన లేచి ఏమన్నారు? ఈ ఘనత నిజానికి తనది కాదన్నారు. కొంత బి.ఎన్. రావుదన్నారు. ముసాయిదా సంఘం పరిశీలించడానికి మొదటి చిత్తుప్రతి తయారుచేసింది ఆయనేనని చెప్పారు. ఇంకా ఎక్కువ భాగం ముఖ్య రచనాధికారి ఎస్.ఎన్. ముఖర్జీదన్నారు. ఎంత చిక్కు సంగతినైనా తేటగా, చట్టం మాటల్లో పెట్టగల నేర్పు ఆయనదన్నారు. ఒక్కోసారి అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని పనిచేసిన సిబ్బందినీ మరిచిపోలేదు. వాళ్ళ పట్టుదలకీ కృతజ్ఞత చెప్పారు.

ఇంత పని సమర్పిస్తూ, ఎవరి వాటా ఎంతో తన నోటితో చెప్పి రికార్డులో ఎక్కించారు. ఆ రికార్డు ఈ రోజుకీ ఉంది.

దాన్ని పట్టుకుని కొందరు ఇప్పుడు, చూశారా, రాజ్యాంగం అంబేడ్కర్ రాయలేదు అంటున్నారు. వాళ్ళకి అదే రికార్డు జవాబు చెప్తోంది. అదే సభలో 1948 నవంబర్ 5న టి.టి. కృష్ణమాచారి లేచి మాట్లాడారు. ముసాయిదా సంఘంలో ఏడుగురు ఉన్నా ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉండిపోయారు, మిగతావాళ్ళలో కొందరు దూరంగా ఉండిపోయారు, చివరికి ఆ భారమంతా అంబేడ్కర్ మీద పడిందని చెప్పారు. ముసాయిదా మీద 7,635 సవరణలు వచ్చాయి. వాటిలో 2,473 సభ ముందు ప్రతిపాదించారు. ఏ సవరణ ఎవరు తెచ్చారు, ఎవరు కాదన్నారు, బాబాసాహెబ్ ఏం జవాబిచ్చారు, అన్నీ పేర్లతో సహా అచ్చులో ఉన్నాయి. కాబట్టి ఎవడు ఏ అబద్ధమాడినా పుస్తకం తెరిచి చూపించొచ్చు. పేర్లు రాయకపోయి ఉంటే? మల్కాపురం తాత గతే.

వాటా చెప్పినందుకు బాబాసాహెబ్ చిన్నవారు కాలేదు. నమ్మదగ్గ లెక్కలో ఉన్న పేరే గట్టి పేరు. అందరి పేర్లూ ఉన్న మస్టర్లో మన పేరుని ఎవడూ కొట్టెయ్యలేడు.

అడిగి రాయండి

ఇంకో మెలిక ఉంది. పేరు రాయడం ఎంత ముఖ్యమో, అడక్కుండా రాయకపోవడం అంత ముఖ్యం. గిట్‌లో పేరుతోపాటు ఈమెయిలు చిరునామా కూడా పడుతుంది. ఒకసారి పడితే లోకమంతా చూస్తుంది, చెరపలేం. లినక్స్ వాళ్ళు కూడా, ఎవరైనా తప్పుని చాటుగా చెప్పి ఉంటే, అడిగాకే రిపోర్టెడ్ బై రాయమంటారు.

మనకి ఇంటిపేరు ఒక బరువు. ఇంటిపేరు చూసి కులం ఆరా తీసే కళ్ళు ఆఫీసుల్లో ఉన్నాయి. కొందరు మనవాళ్ళు ఇంటిపేరు పూర్తిగా, ధైర్యంగా రాస్తారు. వాళ్ళకి జేజేలు. కొందరు వద్దనుకుంటారు. వాళ్ళ కష్టం వాళ్ళకి తెలుసు. ఒకప్పుడు లినక్స్‌లో అసలు పేరే ఉండాలనేవారు. 2023లో ఆ మాట సడలించి, నలుగురికీ తెలిసిన పేరైతే చాలు, అనామకంగా మాత్రం వద్దు అన్నారు. కాబట్టి ఏ పేరుతో నిలబడాలో ఆ మనిషే చెప్పాలి. పెళ్ళయి ఇంటిపేరు మారిన అక్కలైనా అంతే. పేరు లేకుండా చెయ్యడం ఎంత తప్పో, వాళ్ళకి ఇష్టంలేని పేరుతో నిలబెట్టడమూ అంతే తప్పు.

ఇకనుంచి మా తరగతిలో

పిల్లలూ, మేం పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. మీరూ రాసుకోండి.

ఒకటి. పని మొదలుపెట్టిన రోజే గోడమీద కాగితం అంటించాలి. ఎవరు ఏం చేశారో ఆ రోజుకారోజు రాయాలి. పంపేరోజు గుర్తుచేసుకుందాంలే అంటే గుర్తుండదు.

రెండు. ప్రతి పిల్లకీ పిల్లాడికీ సొంత ఈమెయిలు, సొంత ఖాతా ఉండాలి. గిట్‌లో పెట్టిన ఈమెయిలూ ఖాతాలో ఉన్న ఈమెయిలూ ఒకటే కావాలి. వేరైతే పని చేసినా గిట్‌హబ్‌లో మీ పేజీలో కనిపించదు.

మూడు. ఇంకొకరి పని మీరు ఎక్కిస్తుంటే ఆథర్ గడిలో వాళ్ళ పేరు పెట్టండి. కలిసి చేస్తే కో ఆథర్డ్ బై వరస రాయండి. తప్పు చూపించినవాళ్ళకీ, నడిపి చూసినవాళ్ళకీ వరస రాయండి.

నాలుగు. పది చిన్న మార్పుల్ని ఒకటిగా కుదించి పంపేటప్పుడు ఆగి చూడండి. కుదించేటప్పుడే పేర్లు రాలిపోతాయి. ధాన్యం కొలిచేటప్పుడు గింజలు రాలినట్టు.

ఐదు. పంపే మీట నొక్కేముందు అందరి ముందూ బయటికి చదవాలి. ఎవరిదైనా పేరు మరిచామా, ఎవరికైనా ఇష్టం లేదా అని అడగాలి. మస్టర్ పిలిచినట్టు. రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు మేం ఆగి ఉంటే ఆ అమ్మాయి ఆ మాట అనాల్సి వచ్చేది కాదు.

ఆరు. పని చెయ్యనివాడి పేరు రాయకూడదు. పెద్దాయన కదా, డబ్బిచ్చాడు కదా, సంఘం నాయకుడు కదా అని రాయకూడదు. ఈ సభలో ఉన్న మా నాయకులతో సహా. శిలాఫలకాలు మనకి వద్దు.

ఊళ్ళనుంచి వచ్చిన పెద్దలకి ఒక మాట. మీరు కంప్యూటర్ ముట్టకపోవచ్చు. కానీ సంఘం మినిట్స్ పుస్తకంలో, కరపత్రం కింద, అర్జీ కింద కూడా ఇదే పద్ధతి పెట్టొచ్చు. అర్జీ రాసింది ఎవరు, వివరాలు తిరిగి తెచ్చింది ఎవరు, పట్టుకెళ్ళి ఇచ్చింది ఎవరు, మూడు వరసలు రాయండి. చదువురాని అక్క చెప్పిన సంగతయితే ఆ అక్క పేరు పైన రాయండి. ముందు ఆమెని అడిగి.

ఆ అమ్మాయి ఇప్పుడు మా తరగతిలో చిన్నపిల్లలకి చెప్తోంది. ఈ ప్రసంగం చిత్తుప్రతి ఆమెకి చూపించాం. తన సంగతి చెప్పడానికి ఒప్పుకుంది. పేరు మాత్రం వద్దంది. అందుకే రాయలేదు. హీట్ నంబరు పోలిక స్టీల్ ప్లాంటులో పనిచేసే ఒక తమ్ముడు చెప్పాడు. అతనూ పేరు వద్దన్నాడు. గోడమీద కాగితం ఉపాయం మా తరగతి పిల్లలది. మేం చేసింది వీటన్నిటినీ ఒకచోట చేర్చి పంపడం మాత్రమే.

పని ఎవరిదో పేరు వాళ్ళదే.

జై భీమ్.